తీగకు రెండు కొసలు



కామాటిపురా పేరులోనే తెలుగువారి చెమట ఉంది. నిజాం రాజ్యపు పల్లెల నుండి బొంబాయికి వచ్చి, నగర నిర్మాణంలో రాళ్లు మోసిన కామాటీలు నివసించినందున ఆ పేటకు ఆ పేరు వచ్చింది. తరువాతి తరాలలో మగ్గం విడిచి మిల్లులలో చేరిన పద్మశాలీలు వర్లీ, లోయర్ పరేల్ చాళ్లలో స్థిరపడ్డారు. వీరందరికీ ఊరు ఒకచోట, కూడు ఇంకొకచోట. ఆ రెంటినీ కలిపిన తీగ మాత్రం తరానికొక రూపం ధరిస్తూ వచ్చింది. 1880లో మొదలైన మనియార్డరు, చదువు వచ్చిన పొరుగువాని చేత రాయించిన ఉత్తరం, చావు కబురు మోసుకొచ్చిన టెలిగ్రాము, రాత్రి ధర తగ్గే వేళకోసం ఎస్టీడీ బూతు ముందు నిలిచిన వరుస, ఇవన్నీ ఆ తీగ రూపాలే. 2013 జూలైలో టెలిగ్రాము సెలవు తీసుకుంది. నేడు ఉత్తరమూ, మనియార్డరూ, కబురూ, పిల్లవాడి పరీక్షా ఫలితమూ, ఊరి ఓటర్ల జాబితా కూడా అరచేతిలోని ఫోనులోనే ఉన్నాయి.

ఇందులో సౌఖ్యం ఎంత ఉందో ప్రమాదమూ అంత ఉంది. పూర్వం టెలిగ్రాము ఆలస్యమైనా మనియార్డరు చేరేది. ఒక దారి మూసుకుంటే ఇంకొక దారి ఉండేది. ఇప్పుడు దారులన్నీ ఒక్కటైనాయి. ఆ ఒక్కటీ మూసుకుంటే ఇంటికి డబ్బు వెళ్లదు, ఇంటి నుండి మాట రాదు.

ఇంటర్నెట్ నిలిచిపోవడం వేరు, నిలిపివేయడం వేరు. గాలివాన స్తంభాన్ని పడగొడితే అది విపత్తు. ఒక అధికారి సంతకంతో ఒక జిల్లా మొత్తానికి సేవలు ఆగిపోతే అది ఉత్తర్వు. విపత్తును ఓర్చుకోవాలి, ఉత్తర్వుకు కారణం అడగవచ్చు. ఈ ప్రసంగంలోని సారమంతా ఆ భేదంలోనే ఉంది.

తెలుగునాట ఈ అనుభవానికి దూరం వెళ్లనక్కరలేదు. 2022 మే 24న అమలాపురంలో, కోనసీమ జిల్లాకు డాక్టర్ బి. ఆర్. అంబేడ్కర్ పేరు చేర్చే ప్రతిపాదనకు వ్యతిరేకంగా జరిగిన ఆందోళన హింసగా మారింది. ఒక మంత్రి ఇంటికీ, ఒక శాసనసభ్యుని ఇంటికీ నిప్పు పెట్టారు. ఆపైన కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ దాదాపు రెండు వారాలు ఆగిపోయింది. ఇంటి నుండి పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ వెదుక్కుంటూ గోదావరి గట్లకూ, పొరుగు ప్రాంతాలకూ కంప్యూటర్లు మోసుకుపోయారు. అంతకుముందు 2020 జనవరిలో నిర్మల్ జిల్లా భైంసాలోనూ, 2021 నవంబరులో మహారాష్ట్రలోని అమరావతిలోనూ, ఆ తరువాత 2024 సెప్టెంబరులో ఆసిఫాబాద్ జిల్లా జైనూరులోనూ హింస చెలరేగినప్పుడు ఇదే జరిగింది.

ప్రభుత్వం చెప్పే కారణాన్ని తేలికగా కొట్టివేయరాదు. పుకారు ప్రాణాలు తీస్తుంది. ఒక ఊరి పాత చిత్రాన్ని మరొక ఊరిదని పంపితే గంటలో గుంపు చేరుతుంది. అయితే తీగ కోసినప్పుడు పుకారుతోపాటు దాన్ని ఖండించే కలెక్టరు ప్రకటన కూడా జనానికి అందదు. నోటిమాట ఆగదు, దానిని సరిచూసుకునే సాధనమే ఆగుతుంది. పైగా ఉత్తర్వు ఒక జిల్లాకు పరిమితమైనా, నష్టం ఆ జిల్లా సరిహద్దు దగ్గర ఆగదు. గల్లీలో గదికి తాళం వేసి పనికి పోయే కూలి తన తల్లి మందులకు పంపిన సొమ్ము మధ్యలో నిలిచిపోతే, ఆ కుటుంబాన్ని బాధితుల లెక్కలో ఎవరూ వేయరు. తీగకు రెండు కొసలున్నాయి. ఉత్తర్వు రాసేవారికి ఒక్క కొసే కనిపిస్తుంది.

ఎన్నికల వేళ ఈ విషయం మరింత గంభీరమవుతుంది. అల్లర్ల వేళ తీగ కోస్తే జీవనం కుంటుపడుతుంది. ఓట్ల లెక్కింపు వివాదంలో పడినప్పుడు కోస్తే, ఎవరు గెలిచారో తేల్చుకునే హక్కే కుంటుపడుతుంది.

కాంగో ప్రజాస్వామ్య గణతంత్ర దేశంలో 2018 డిసెంబరు 30న అధ్యక్ష ఎన్నిక జరిగింది. మరునాడే ఇంటర్నెట్ ఆగిపోయింది. కాథలిక్ చర్చి దాదాపు 40,000 మంది పరిశీలకులను నియమించింది. ప్రకటించిన ఫలితం తమ వివరాలతో సరిపోలడం లేదని చెప్పింది. ఇంత పెద్ద వివాదం నడుస్తుండగా జనం దాదాపు ఇరవై రోజులు చీకటిలో ఉన్నారు. న్యాయస్థానం తుది తీర్పు వెలువడే వేళకు గాని సేవలు తిరిగి రాలేదు. 2020 ఆగస్టు 9న బెలారుస్‌లో పోలింగు రోజు మొదలైన అంతరాయం సుమారు మూడు రోజులు సాగింది. ఉగాండాలో 2021 జనవరి 14 పోలింగుకు ముందు సాయంత్రం కోసిన తీగ అయిదు రోజులకు కలిసింది. అక్కడి సామాన్యులు ఫోను ద్వారానే డబ్బు పంపుకుంటారు. ఆ లావాదేవీలూ స్తంభించాయి. పట్నం నుండి పల్లెకు డబ్బు పంపే కూలి కష్టం కంపాలాలోనైనా కామాటిపురాలోనైనా ఒక్కటే.

దీనికి భిన్నమైన దారి ఆఫ్రికా ఖండంలోనే కెన్యా చూపింది. 2022 ఆగస్టు 9న జరిగిన అధ్యక్ష ఎన్నికలో 46,000కు పైగా పోలింగు కేంద్రాల ఫలితాల పత్రాలను ఎన్నికల సంఘం అందరూ చూడగలిగేలా ఇంటర్నెట్‌లో ఉంచింది. పత్రికలూ, పౌరులూ తమంతట తాము కూడుకుని చూసుకున్నారు. పోటీ హోరాహోరీగా సాగింది, వివాదమూ వచ్చింది. ఓడినవారు సుప్రీంకోర్టుకు వెళ్లారు. సెప్టెంబరు 5న కోర్టు ఫలితాన్ని సమర్థించింది. ఓడినవారి అసంతృప్తి తీరకపోవచ్చు, కాని వాదానికి కాగితం ఆధారం ఉంది. వివాదం వచ్చినప్పుడు దీపం వత్తి పెంచాలి గాని ఆర్పరాదు. భారతదేశంలో పోలింగు ముగిసిన వెంటనే నమోదైన ఓట్ల లెక్కతో 17సి పత్రం నకలు అభ్యర్థుల ఏజెంట్లకు ఇవ్వాలన్న నియమం వెనుక ఉన్న బుద్ధి కూడా ఇదే. నకలు చేతిలో ఉన్నా, ఒక బూత్ నకలు మరొక బూత్ నకలుతో కలిసి లెక్క తేలాలంటే దారి తెరిచి ఉండాలి.

మూసిన దారి తెరిపించినవారు లేకపోలేదు. 2019 జూన్ 3న సూడాన్ సైనిక పాలకులు ఇంటర్నెట్ నిలిపివేశారు. ఒక న్యాయవాది తన ఫోను కంపెనీ మీద దావా వేశాడు. జూన్ 23న తీర్పు ఆయన పక్షాన వచ్చింది. అయితే దావా ఆయన పేరున ఉన్నందున సేవ ఆయన ఒక్కడికే దక్కింది! ఆయన మళ్లీ కోర్టు మెట్లెక్కాడు. జూలై 9న అందరికీ దారి తెరుచుకుంది. టోగో ప్రభుత్వం 2017లో నిరసనల వేళ ఇంటర్నెట్ ఆపడం చట్టవిరుద్ధమని పశ్చిమాఫ్రికా దేశాల సమాఖ్య న్యాయస్థానం 2020 జూన్ 25న తేల్చింది.

భారతదేశంలో ఈ ప్రశ్నకు సమాధానం కశ్మీరు వ్యాజ్యంలో వచ్చింది. 2019 ఆగస్టులో అక్కడ సమాచార సేవలు నిలిచిపోగా, కశ్మీర్ టైమ్స్ సంపాదకురాలు అనూరాధా భసీన్ సుప్రీంకోర్టును ఆశ్రయించారు. 2020 జనవరి 10న తీర్పు వచ్చింది. ఇంటర్నెట్ ద్వారా భావాలు ప్రకటించడానికీ, వృత్తి వ్యాపారాలు చేసుకోవడానికీ రాజ్యాంగ రక్షణ ఉందని కోర్టు చెప్పింది. గడువు లేని నిలిపివేత చెల్లదని, ఉత్తర్వును జనానికి తెలిసేలా ప్రకటించాలని, అవసరానికి మించి ఆంక్ష ఉండరాదని శాసించింది. తీర్పు రాగానే దారి పూర్తిగా తెరుచుకోలేదు. కశ్మీరులో 4జీ సేవ 2021 ఫిబ్రవరిలో గాని తిరిగి రాలేదు. అయినా ఆ తీర్పు పౌరుని చేతికి ఒక కొలబద్ద ఇచ్చింది.

ఆ కొలబద్ద ఇప్పుడు నియమాలలోకీ వచ్చింది. 2017 నాటి నియమాల స్థానంలో 2024 నవంబరులో కొత్తవి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం ఉత్తర్వు ఇవ్వవలసినది కేంద్ర లేదా రాష్ట్ర హోం కార్యదర్శి. కారణం రాతపూర్వకంగా ఉండాలి. ఏ ప్రాంతానికి, ఎంతకాలం అన్నది స్పష్టంగా ఉండాలి. ఒక ఉత్తర్వు గడువు పదిహేను రోజులు దాటరాదు. ఉత్తర్వును ప్రచురించాలి. అయిదు పనిదినాలలో సమీక్షా సంఘం దాన్ని పరిశీలించాలి.

కనుక సొంత ఊరిలో తీగ తెగినప్పుడు చాళ్లలోని కుటుంబాలు నాలుగు ప్రశ్నలు అడగవచ్చు. ఉత్తర్వు ఎక్కడ ఉంది? సంతకం ఎవరిది? కారణం ఏమిటి? గడువు ఎప్పటికి? ఆ ఉత్తర్వు ప్రతిని 2005 సమాచార హక్కు చట్టం కింద కోరే హక్కు ముంబయిలో ఉన్న భారత పౌరునికీ ఉంది. ఊరి సర్పంచు అడిగినా, గల్లీ సంఘం అడిగినా ఆ ప్రశ్నల విలువ ఒక్కటే. సమాధానం చాలదనిపిస్తే హైకోర్టు తలుపులు ఉన్నాయి. అడిగినది కాగితం మీద, తేదీతో ఉంటే అది రేపటి వ్యాజ్యానికి ఆధారమవుతుంది.

అంతవరకు ఇల్లు గడవాలి కదా. సాధారణంగా ఆగేది ఇంటర్నెట్. మామూలు ఫోను మాట, పొట్టి సందేశం చాలాసార్లు సాగుతూనే ఉంటాయి. ఇంటర్నెట్ లేకపోయినా ముందుగా నమోదు చేసుకున్న బ్యాంకు ఖాతా నుండి స్టార్ 99 హాష్ నొక్కి సొమ్ము పంపే సౌకర్యం ఉంది. ఊరిలో ఇద్దరు ముగ్గురు పొరుగువారి నంబర్లు కాగితం మీద రాసి గోడకు అంటించుకోవడం, ముసలివారి చేతిలో నెలకు సరిపడే మందులు ఉంచడం, నిజమని తెలియని బొమ్మను ముందుకు పంపకపోవడం, ఇవి ఖర్చులేని జాగ్రత్తలు. చివరిది మరీ ముఖ్యం. పుకారు పంపని వేలు, తీగ కోసే చేతికి సాకు ఇవ్వదు.

అర్జీ రాయడం ఈ నగర శ్రామికులకు కొత్త విద్య కాదు. 1884లో నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వాన సుమారు 5,500 మంది మిల్లు కార్మికులు సంతకాలతో, వేలిముద్రలతో ఒక విజ్ఞాపన సమర్పించారు. వారంలో ఒక దినం సెలవు అడిగారు. వెంటనే దొరకలేదు, ఆరేళ్లు పట్టింది. 1890లో ఆదివారం సెలవు వచ్చింది. నేడు చాళ్లలోని తెలుగు కుటుంబాలు తీరికగా ఊరికి ఫోను చేసుకునే దినమూ ఆ ఆదివారమే. అడిగి సంపాదించిన ఆ దినాన, అవతలి కొస మూగబోతే, ఎందుకని రాతపూర్వకంగా అడగడం ఆ తాతల వారసులకు తగిన పని.