వీపున మోయునది తూచి మోయుదము

(శ్రీశైల పాదయాత్రకు బయలుదేరువారి కొరకు మన సంఘము ఏర్పరచిన సమావేశమున చేసిన ప్రసంగము)



రానున్న ఉగాదికి మన బళ్ళారినుండి కాలినడకను శ్రీశైలము పోవువారు వెంట గొనిపోవలసిన సామగ్రిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము పండితులము కాము. పదవ తరగతి గట్టెక్కి అంగడిలో కూర్చున్నవారము. గుడ్డయు, టార్పాలినును, సంచులును, పాదరక్షలును అమ్ముట మా వృత్తి. అమ్మువాడే కొనుట నేర్పుట మీకు వింతగా తోచవచ్చును. కాని ఈ విషయమున మాటలాడుటకు మాకు అర్హత కలిగించినది మా వ్యాపారము కాదు, మా తప్పు. దానిని ముందుగా చెప్పుకొనిన గాని తక్కినది చెప్పుటకు మాకు మనసొప్పదు.

నిరుటి యాత్రలో మేమందరమును మామయ్యగారని పిలుచుకొను పెద్ద ఒకరు మాతో నడచిరి. వారికి అరువది దాటినది. చక్కెరవ్యాధి చాలకాలముగా కలదు. బయలుదేరుటకు ముందురోజు ఉదయమున వారు మా అంగడికి వచ్చిరి. గట్టి అడుగు, మెరుగైన తోలు గల క్రొత్త బూట్లు మేమే ఎంచి, మేమే తొడిగి, “ఇవి పదేండ్లు మన్నును” అని చెప్పి ఇచ్చితిమి. బూటు మన్నుటను గూర్చి ఆలోచించితిమే గాని పాదము మన్నుటను గూర్చి ఆలోచింపలేదు. ఆదోని దాటిన మరునాడు వారి మేజోడు తడిసియుండుట చూచి అడిగితిమి. “నొప్పేం లేదప్పా, నడు పోదాం” అనిరి. వారు అబద్ధమాడలేదు. ఆ వ్యాధి ముదిరినవారికి పాదములలో స్పర్శ తగ్గును. పుండు పడినను నొప్పి తెలియదు. కర్నూలు చేరిన రాత్రి బూటు విప్పి చూడగా చర్మము ఊడి చీము పట్టియుండెను. ఆసుపత్రిలో మూడు వారములుండిరి. కాలు దక్కినది, చిటికెన వ్రేలు దక్కలేదు.

ఆ వ్రేలికి వెల కట్టగల త్రాసు మా అంగడిలో లేదు. కావున ఈ ఏడు పోవువారందరును మా మాట కొంచెము ఓపికతో వినవలెనని కోరుచున్నాము.

మన దారి 250 కిలోమీటర్లకు పైబడినది. ఆలూరు, ఆదోని మీదుగా కర్నూలు చేరి, నందికొట్కూరు దాటి, ఆత్మకూరు చెంత నల్లమలలో ప్రవేశింతుము. 1953 అక్టోబరు వరకు ఆలూరును ఆదోనియు మన జిల్లావే గనుక ఆ ఊళ్ళలో మనకు చుట్టములున్నారు. అచ్చట ఏది కొరవడినను సమకూర్చుకొనవచ్చును. వెంకటాపురము దాటి నాగలూటి అడవిబాట పట్టిన తరువాత పెద్దచెరువు, మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారము వరకు మన వీపున నున్నదే మన ఆస్తి. కావున సామగ్రిని బళ్ళారి బజారును చూచి గాక భీమునికొలను మెట్లను చూచి ఎంచుకొనవలయును.

మొదటిది బరువు. నిరుడు మేము మోసిన సంచి, నీరు గాక, 11 కిలోలు తూగెను. తిరిగి వచ్చిన పిమ్మట దానిలోని వస్తువులన్నిటిని అంగడి నేలపై పరచి మూడు కుప్పలు చేసితిమి. దినదినమును వాడినవి ఒక కుప్ప. ఒకటి రెండు మారులు వాడినవి రెండవది. ఒక్కమారైనను ముట్టనివి మూడవది. కాటాపై పెట్టగా మూడవ కుప్పయే 4 కిలోలకు పైగా తూగెను. అందు నాలుగు జతల బట్టలు, రెండు స్టీలు గిన్నెలు, పెద్ద తాళము, చదువని పుస్తకము, మా ఇంటివారు ప్రేమతో పెట్టిన పచ్చడి జాడీ ఉండెను. “ఏమో, అవసరము పడునేమో” అను భయమునే మేము కర్నూలుదాక మోసితిమని అప్పుడు తెలిసినది.

ఆరోగ్యవంతుడు తన శరీరపు బరువులో ఐదవ వంతునకు మించి మోయరాదని దూరపు నడకలు నడచువారు సాధారణముగా చెప్పుదురు. దినమంతయు అంగడిలో కూర్చుండు మావంటి వారికి పదవ వంతు చాలును. ఒక లీటరు నీరు ఒక కిలో తూగును. అడవిలో 3 లీటర్లయినను మోయక తప్పదు. నీటిని తగ్గించుటకు వీలులేదు గనుక తగ్గింపవలసినది తక్కిన సామానునే. ప్రతి వస్తువును మూడు ప్రశ్నలడుగుడు: నీవు దినమును పనికి వత్తువా? నీ పనిని వేరొకటి చేయగలదా? నీవు లేకున్న ప్రాణమునకో పాదమునకో హాని కలదా? మూడింటికిని తగిన బదులు చెప్పలేని వస్తువును ఇంట దిగవిడువుడు.

రెండవది పాదరక్ష. సామగ్రిలో మొదట కొనవలసినది ఇదియే. పాదమునకు తగిలించిన బరువు, అంతే బరువు వీపున మోసినదానికన్న నాలుగైదు రెట్లు శ్రమ కలిగించును. కావున బరువైన బూటు మేలైన బూటు కాదు. సాయంకాలమున కొనుడు, దినమంతయు నడచిన పాదము కొంత ఉబ్బియుండును. యాత్రలో తొడుగదలచిన మేజోళ్ళతోనే తొడిగి చూడుడు. పొడవైన వ్రేలికి ముందు బొటనవ్రేలి వెడల్పంత చోటుండవలెను. ఈ చోటు లేకున్న భీమునికొలను మెట్లు దిగునప్పుడు వ్రేళ్ళు ముందుకు జరిగి గుద్దుకొని గోళ్ళు నల్లబడును. మడమ మాత్రము లోపల జారరాదు. ఇట్లెంచిన జతతో యాత్రకు ముందుగా కనీసము వంద కిలోమీటర్లు నడువుడు. క్రొత్త బూట్లతో బయలుదేరువారిని ఈ ఏడు వెంట రానీయవలదని మా మనవి.

నూలు మేజోడు చెమటను పీల్చి తడిగానే నిలుచును. తడిసిన చర్మము మెత్తబడి బొబ్బలెక్కును. ఉన్ని కలిసినదియో పాలియెస్టరుదియో మేలు. లేతరంగువి కొనుడు, నెత్తురైనను చీమైనను అంటినచో వెంటనే కనబడును. మూడు జతలుండిన ఒకటి పాదమున, ఒకటి ఆరుచు, ఒకటి రాత్రికి. ఎచ్చట వేడిగా ఒరయుచున్నట్లు తోచునో అచ్చటనే ఆగి, బొబ్బ లేవకముందే టేపు అంటించుడు. చక్కెరవ్యాధి గలవారు బయలుదేరుటకు ముందు వైద్యునికి పాదములు చూపవలయును. నొప్పిని నమ్ముకొనక, పూటపూటకును అరికాళ్ళను కంటితో చూచుకొనవలయును, లేదా ఇతరులచే చూపించుకొనవలయును.

మూడవది వీపుసంచి. అందరును దీనిని మొదట కొందురు, కొనవలసినది కడపట. సంచి పెద్దదైనకొలది దానిని నింప బుద్ధి పుట్టును. సామానంతయు సమకూర్చి తూచిన పిమ్మట అది పట్టునంత సంచిని కొనుడు. మన యాత్రకు 35 లేక 40 లీటర్లది చాలును. మెడ వెనుక పొడుచుకొని వచ్చు ఎముక మొదలు తుంటి ఎముకల పైఅంచు ఎత్తు వరకు వీపును టేపుతో కొలువుడు. సంచి వీపుభాగము ఆ కొలతకు సరిపడవలెను. నడుముపట్టీ కడుపు మీద గాక తుంటి ఎముకల మీద కూర్చుండవలెను. అప్పుడు బరువులో పెద్దపాలు భుజములను విడిచి తుంటికి దిగును. పిదప సంచిని లోపలివైపు త్రిప్పి, పట్టీలు కుట్టిన చోట్లను గట్టిగా లాగి చూడుడు. జిప్పును ఇరువదిమార్లు తెరచి మూయుడు. అంగడివానిని అడిగి ఆరు కిలోల బియ్యము అందు వేయించుకొని అరగంట తిరుగుడు. అందుకు ఒప్పుకొనని అంగడిలో కొనవలదు. మా అంగడిలో బియ్యము సిద్ధముగా ఉంచినాము.

ఏ సంచియు నీటికి పూర్తిగా లొంగక నిలువదు. బట్టలను మందమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి లోన వేయుడు. అడవిలో ఆ ప్లాస్టిక్కును పారవేయక వెనుకకు తెండు. ఆ అడవి 1983 నుండి పులుల అభయారణ్యము. అటవీశాఖవారి నిబంధనలు మనకు శిరోధార్యములు. అచ్చట నిప్పు రగిల్చి వండుకొందమను ఊహయే వలదు. కావున పొయ్యియు గిన్నెలును సామగ్రిలో లేవు. అటుకులు, వేయించిన సెనగలు, వేరుసెనగ ఉండలు మన స్టవ్వులు.

పరుపునకు పలుచని ఫోము చాపయు, ఒక దుప్పటియు, పరచుటకును కప్పుటకును పనికివచ్చు టార్పాలిను ముక్కయు చాలును. నుదుట కట్టుకొను ఎల్.ఇ.డి. దీపము చేతి టార్చికన్న మేలు. మెట్ల మీద రెండు చేతులును ఖాళీగా ఉండును. ఎండలో నడచునప్పుడు గంటకు అరలీటరుకు తక్కువ కాకుండ నీరు త్రాగవలెను. చెమటతో ఉప్పును పోవును గనుక ఓ.ఆర్.ఎస్. పొట్లములుంచుకొనుడు. అవి లేనిచో లీటరు శుభ్రమైన నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమముగా కొలిచి కలుపుడు. చక్కెరవ్యాధి గలవారు ఈ విషయమునను వైద్యుని ముందుగా అడుగవలెను.

ఇక వెల సంగతి. ఇంత సామగ్రి పేదలు కొనగలరా యని మీరడుగవచ్చును. అమెరికా దేశమున అపలాచియన్ ట్రెయిల్ అను కాలిబాట కలదు. దాని పొడవు నేడు సుమారు 3,500 కిలోమీటర్లు. పదునొకండుగురు బిడ్డల తల్లియైన ఎమ్మా గేట్‌వుడ్ అను అవ్వ 1955 లో, తన 67 వ యేట, ఆ బాటనంతను ఒంటరిగా నడచెను. ఆమె భుజమున నున్నది తానే కుట్టుకొన్న డెనిము సంచి. డెనిము కుట్టుటలో మన బళ్ళారికి ఎవ్వరును పాఠము చెప్పనక్కరలేదు గదా! అందులో ఒక కంబళి, ఒక వానకోటు, స్నానపుగదికి కట్టు ప్లాస్టిక్ తెర ముఖ్యములు, గుడారము లేదు. కాళ్ళకు గుడ్డబూట్లు, అవి అరిగినకొలది మార్చుకొనుచు పోయెను. అంతకు ముందటి యేడు, 1954 లో, ఆమె బయలుదేరి, దారి తప్పి, కండ్లజోడు పగిలి, వెనుకకు మరలెను. ఆ అనుభవముతో మరుసటి యేడు మరల నడచెను. చౌకవన్నియు మంచివని మేము చెప్పుటలేదు. డెనిము వానకు తడిసిన రాయివలె బరువెక్కును. తనకేది కావలెనో ఎరిగినవారికి కొద్ది సామగ్రి చాలునని మాత్రమే చెప్పుచున్నాము.

కావున పాదరక్షకును మేజోళ్ళకును లోభింపకుడు. సంచికిని బట్టలకును లోభింపుడు. మందులపెట్టె, గోళ్ళకత్తెర, సూది, దారము నలుగురికి ఒకటి చాలును. నిరుడు కొన్న సంచులు మన ఇండ్లలో అటకలెక్కి యున్నవి. వానిని సంఘమునకు తెచ్చి ఇచ్చినచో ఈ ఏడు లేనివారు వాడుకొని తిరిగి ఇత్తురు. మా అంగడికి కొంత బేరము తగ్గును, తగ్గనిండు.

రానున్న రెండు ఆదివారములు తెల్లవారుజామున, యాత్రలో మోయదలచిన సంచులతోనే, అందరమును 20 కిలోమీటర్లు నడచి వత్తము. వచ్చిన పిమ్మట ఇచ్చటనే కాటా పెట్టి ప్రతి సంచిని తూతుము; ప్రతి పాదమును చూతుము. పొరబాటు ఊరిలో తెలిసిన దిద్దుకొనవచ్చును, నాగలూటి దాటి తెలిసిన దిద్దుకొనలేము. మా అంగడిలో కొన్న బూట్లు ఆ నడకలో ఒరసినచో, అరిగినవైనను సరే, తిరిగి తీసికొందుము.

కడపటి మాట. మామయ్యగారు ఈ ఏడు నడువరు. ఐనను ఇంట కూర్చుండుటకు ఒప్పుకొనలేదు. సామానుబండిలో మాకు ముందుగా పోయి, ఆత్మకూరు వరకు ప్రతి మజిలీయందును సాయంకాలము కుర్చీ వేసికొని కూర్చుందురట. ప్రతివారును బూట్లు విప్పి వారికి అరికాళ్ళు చూపిన పిమ్మటనే భోజనము. “నొప్పి లేదన్నోడి కాలే ముందు చూస్తాను” అని వారు మాతో అనిరి. ఆ మాటకన్న మంచి సామగ్రి మా అంగడిలో లేదు.