పైడి జయరాజుగారు



మా తెల్లాపూరు దిక్కున బొంబాయికి సాగు రైలును చూచినప్పుడెల్ల నాకు పైడి జయరాజుగారు జ్ఞప్తికి వత్తురు. ఆయన 1909లో కరీంనగరమున జన్మించిరి. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిరి. 1929 ప్రాంతమున బొంబాయి చేరి, సినిమాకు ఇంకను మాట రాని కాలమున నటులైరి.

మూగచిత్రమునకు భాషతో పనిలేదు. ముఖమును దేహమునే మాటలాడవలెను. 1931లో ‘ఆలం ఆరా’తో హిందీ తెరకు గొంతు వచ్చెను. పలుకు కుదురని మూకీ నటులు పెక్కురు మరుగుపడిరి. జయరాజుగారు నిలిచిరి. హైదరాబాదున చదివినవారికి ఉర్దూ పరాయిది కాదు గదా! 1956 నాటి ‘హాతిం తాయ్’లో ఆయనయే కథానాయకులు. వయసు మీరిన పిదప చిన్న పాత్రలకును వెనుదీయలేదు. 1975లో వచ్చిన ‘షోలే’లో పోలీసు అధికారిగా కనిపింతురు. 1980 సంవత్సరపు దాదాసాహెబు ఫాల్కే పురస్కారము వారికి లభించెను. 2000లో ముంబయిలో కన్నుమూసిరి. కీర్తి హిందీ తెరమీద కలిగినందున, మన పల్లెలలో వారి పేరెరుగనివారే అధికము.

నా మనుమడు నటుడ నగుదునని చెప్పిన దినమున నేను మండిపడితిని. వాడు మూడు దినములు నాతో పలుకలేదు. నాలుగవనాడు పిలిచి జయరాజుగారి కథ చెప్పి, “చిన్న వేషమిచ్చినను సిగ్గుపడక చేయగలవా?” అని అడిగితిని. “చేసెదను తాతా” అనెను. అంతట నేనే బయలుదేరుమంటిని.

పెద్దలారా, మన పిల్లలు మన మెరుగని వృత్తిని కోరినప్పుడు, వలదనుటకు ముందు వారి ఓర్పు ఎంతటిదో అడిగి చూడుడు.