తూము దగ్గర నీరడి



చెరువు తూము దగ్గర నీరడి ఉండేవాడు. వంతు ప్రకారం ఎవరి మడికి వాళ్ల నీళ్లు వదలడం అతని పని. ఏ పైరు ఎండాలో, ఏది పండాలో తేల్చే అధికారం అతనికి లేదు. వంతు తప్పితే ఊరంతా పంచాయతీకి కూర్చునేది. ఇంటర్నెట్ కంపెనీ కూడా నీరడిలాగే ఉండాలన్న వాదానికి 2003లో టిమ్ వూ అనే అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు పెట్టిన పేరే నెట్ న్యూట్రాలిటీ.

ఆ వాదంపై తగాదా తెలుగు నేలకూ వచ్చింది. 2015 ఫిబ్రవరిలో రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఫేస్‌బుక్ ఇంటర్నెట్.ఆర్గ్ అనే పథకం తెచ్చింది. అది మొదట వచ్చిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. డేటా ప్యాక్ అక్కర్లేదు, తెలుగులోనూ చూడొచ్చు. సంబరపడాల్సిందే కదా? అయితే తెరుచుకునేవి ఎంపిక చేసిన కొన్ని సైట్లే. ఆ జాబితాలో చేరాలంటే ఫేస్‌బుక్ పెట్టిన షరతులకు ఒప్పుకోవాలి. వీడియోకు చోటు లేదు. నాగల్‌గిద్దలాంటి కర్ణాటక సరిహద్దు ఊళ్లో మిద్దె మీదికెక్కి ఇటు నారాయణఖేడ్ టవరో అటు బీదర్ టవరో అందుతుందేమోనని ఫోను ఎత్తి పట్టుకునే పిల్లవాడికి కావలసింది లెక్కల పాఠం వీడియో. అదే అందులో రాదు. అసలు నష్టం ఇంకా లోతైనది: జీవితంలో మొదటిసారి నెట్ చూసేవాడు ఆ పిడికెడు సైట్లనే లోకమనుకుంటాడు.

అదే ఏడాది ఏప్రిల్‌లో ఎయిర్‌టెల్ జీరో వచ్చింది. యాప్ కంపెనీ డబ్బు కడితే వాడేవాళ్లకు ఆ యాప్ ఉచితం. జనం ఊరుకోలేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కు పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి, ఫ్లిప్‌కార్ట్ ఆ పథకం నుంచి తప్పుకుంది. ఫేస్‌బుక్ తన పథకానికి ఫ్రీ బేసిక్స్ అని పేరు మార్చి, పేపర్లలో పేజీలకు పేజీలు ప్రకటనలు గుప్పించింది.

2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ తేల్చేసింది: సైటును బట్టి డేటాకు వేర్వేరు ధరలు కుదరవు, మీరితే రోజుకు 50 వేల రూపాయల జరిమానా. మరో అయిదు రోజుల్లో నారాయణఖేడ్ ఉప ఎన్నిక పోలింగ్. మైకుల హోరులో ఆ వార్త నాగల్‌గిద్ద వైపు ఎందరి చెవిన పడిందో! 2018 జూలైలో టెలికాం కమిషన్ మరో మెట్టెక్కింది. ట్రాఫిక్‌ను అడ్డుకోవడం, నెమ్మదింపజేయడం, కావలసినవాళ్లకు దారివ్వడం కూడదన్న ట్రాయ్ సిఫార్సులను ఆమోదించింది. అమెరికాలో మాత్రం 2015లో తెచ్చిన నిబంధనలను 2017లో ఎత్తేశారు. 2024లో మళ్లీ తెస్తే 2025 జనవరిలో కోర్టు కొట్టేసింది.

టవర్లకు, కేబుళ్లకు కోట్లు పోస్తున్నామన్న కంపెనీల మాట నిజమే. సరిహద్దు ఊళ్లకు సిగ్నల్ రావాలంటే ఎవరో ఒకరు ఖర్చు పెట్టాలి. దానికి తూము తాళం వాళ్ల చేతికివ్వడం మందు కాదు. వేరే దారులున్నాయి: 2016 సెప్టెంబరులో జియో వచ్చాక పోటీతోనే డేటా ధర పడిపోయింది. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ల పైపులకు తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ కేబుళ్ల గొట్టాలూ వేశారు.

ఇప్పుడు పెద్ద యాప్‌లు తమకు వాటా కట్టాలని టెలికాం కంపెనీలు అడుగుతున్నాయి. ట్రాయ్ చర్చాపత్రాలు వేసినప్పుడు ఎవరైనా అభిప్రాయం రాయవచ్చు. దానికి ఢిల్లీలో ఉండనక్కర్లేదు. ఒక యాప్ గలగలా నడుస్తూ, పక్కదాంట్లో చక్రం గిర్రున తిరుగుతూ ఉంటే, పట్టాలు అందుకుంటున్న నాగల్‌గిద్ద విద్యార్థులు స్క్రీన్‌షాట్ తీసి, తేదీ, టైమ్, రీచార్జ్ ప్లాన్ రాసిపెట్టుకోవాలి. అలాంటివి పది పోగయ్యాక ట్రాయ్‌కు పంపాలి.