ఏ ఊరంటే ఏం చెబుతారు?



ఈ రోజు పట్టాలు అందుకుని, రేపు పుణేలోనో హైదరాబాదులోనో ఉద్యోగానికి వెళ్తే మిమ్మల్ని "ఏ ఊరు?" అని అడుగుతారు. నారాయణఖేడ్ అంటే "అదెక్కడ?" అంటారు. అప్పుడు మనవాళ్లు చాలామంది "వెనకబడ్డ ప్రాంతమండీ" అని గొంతు తగ్గిస్తారు. నాకు ఆ జవాబు సగమే అనిపిస్తుంది. మిగతా సగం చెప్పడం చేతకాకపోతే మూడేళ్ల చదువు దేనికి?

1956 దాకా ఈ తాలూకా బీదరు జిల్లాలో ఉండేది. హైదరాబాదు రాష్ట్రాన్ని భాషల వారీగా పంచినప్పుడు బీదరు మైసూరు వైపు పోయింది, మనం ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ జిల్లాలో చేరాం. 2014లో రాష్ట్రం మారింది, 2016లో జిల్లా మారింది. గడప దాటకుండానే మన ముసలవ్వలు మూడు రాష్ట్రాలూ మూడు జిల్లాలూ చూసేశారు! అయినా సరిహద్దు అవతలి ఔరాద్ వైపు, దెగ్లూరు వైపు పిల్లనిచ్చి పుచ్చుకోవడం ఆగిందా? సంతలో బేరం తెలుగులో మొదలై కన్నడంలో తెగుతుంది. మధ్యలో మరాఠీ, ఉర్దూ వచ్చి పోతుంటాయి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో 22 భాషలుంటే, వాటిలో నాలుగు మన సంతలోనే వినబడతాయి. తండాల్లో మాట్లాడే లంబాడీకి మాత్రం ఆ జాబితాలో ఇంకా చోటు దొరకలేదు.

మార్గశిర అమావాస్యకు బీదరు, లాతూరు వైపు రైతులు ఇంటిల్లిపాదీ చేనుకు పోతారు. జొన్న చొప్పతో చిన్న గూడు కట్టి, పాండవుల పేరిట అయిదు రాళ్లు నిలబెట్టి మొక్కుతారు. రొట్టెలు, అంబలి, రకరకాల కూరగాయలు కలిపి వండిన భజ్జి, అన్నీ గట్టు మీదే తింటారు. సరిహద్దు గీసినవాళ్లు ఈ పండుగను అడిగి గీయలేదు.

ఇక మంజీర నది. బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, లాతూరు, బీదరు దాటి ఆగ్నేయంగా వస్తుంది. మన జిల్లాలోకి వచ్చాక ఉత్తరానికి మళ్లి, 700 కిలోమీటర్లకు పైగా నడిచి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. దాని మీద సింగూరు ఆనకట్ట కట్టింది ముఖ్యంగా హైదరాబాదు గొంతు తడపడానికి. పక్కనే ఏరున్నా మన చేలు వాన కోసమే చూశాయి. ఏరు పల్లంలో ఉంది, చేలు మిట్టన ఉన్నాయి మరి. తండాల జనం దసరా దాటగానే మూటా ముల్లె సర్దుకుని చెరుకు నరకడానికి పొరుగు రాష్ట్రాలకు పోయేవాళ్లు. ఇప్పటికీ పోతున్నారు. 2022 ఫిబ్రవరిలో ఇదే ఊళ్లో బసవేశ్వర, సంగమేశ్వర ఎత్తిపోతల పథకాలకు శంకుస్థాపన చేశారు. రాయి వేసిన రోజు కంటే కాలువలో నీళ్లు పారే రోజు నాకు ముఖ్యం.

నీళ్లు లేకున్నా నల్లరేగడి ఊరుకోలేదు. వానాకాలం తాగిన తేమ, రాత్రి కురిసే మంచు, ఈ రెండింటితోనే యాసంగి జొన్న పండుతుంది. ఆ జొన్న పిండిని మరిగిన నీళ్లతో కలిపి, అంచు పగలకుండా అరచేత్తో రొట్టె తట్టి, పెనం మీద వేశాక పైన తడి చేత్తో తుడవాలి. రానివాళ్లు ఒకసారి తట్టి చూడండి, అమ్మ మీద గౌరవం పెరుగుతుంది. జొన్నలాంటి ఈ పంటల కోసమే, మన దేశం అడిగితే ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. దానికి ఎన్నో ఏళ్ల ముందే జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు, ఎక్కువమంది దళితులు, విత్తనాలు దాచి, ఎద్దుల బండ్ల మీద పాతపంటల జాతర ఊరూరా తిప్పారు.

2023-24 లెక్కల్లో దేశంలో పనిచేసేవాళ్లలో సుమారు 46 శాతం మంది సేద్యం మీదే ఉన్నారు. దేశ ఆదాయంలో సేద్యం వాటా మాత్రం ఐదో వంతు కూడా లేదు. ఎకనామిక్స్ చదివిన పిల్లలూ, ఈ తేడాను మీ నాన్న కంది చేనుతో పోల్చి లెక్క కట్టండి. మార్కెట్ యార్డులో క్వింటాలు కందులకు ఎంత చేతికొచ్చింది? హైదరాబాదు దుకాణంలో కిలో పప్పు ఎంత? నడుమ డబ్బు ఎక్కడెక్కడ ఆగింది? జహీరాబాదులో ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉంది, న్యాల్కల్ వైపు పారిశ్రామిక మండలి వస్తోంది. అక్కడ కొలువు దొరికినా ఈ లెక్క మాత్రం వదలకండి. లెక్క తేలినవాళ్లు మీ కాలేజీకే వచ్చి, ఇదే మైకు ముందు చెప్పండి.

వెనక వరుసలో ఒక పెద్దాయన రెండోసారి గడియారం చూసుకుంటున్నారు. బీదరు బస్సుకు టైమైనట్టుంది. ప్రిన్సిపాల్ గారూ, పేర్లు పిలవండి.