వైద్యవిద్యార్థియు ప్రశ్నచీటీలును
(రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)

 

వైద్యకళాశాలలో చేరిన విద్యార్థికి మొదటి సంవత్సరముననే శరీరనిర్మాణము, శరీరధర్మము, జీవరసాయనము అను మూడు శాస్త్రములు ఎదురగును. మానవదేహమున ఎముకలు 206. కపాలనాడులు 12 జతలు. ప్రతి కండరము ఎచట పుట్టునో, ఎచట ముగియునో, ఏ నాడి దానిని నడపునో తెలియవలెను. పిదప మందుల పేర్లు, మోతాదులు, వ్యాధిలక్షణములు వచ్చును. భారతదేశమున ఎం.బి.బి.యస్. చదువు నాలుగున్నర సంవత్సరములు. ఆపైన ఒక సంవత్సరము ఆసుపత్రిలో శిక్షణ. మొదటి ఏట చదివినది చివరి ఏట జ్ఞప్తికి రానిచో ఆ నష్టము విద్యార్థికి మాత్రమే చెందదు.

పురుగుమందు మ్రింగిన రైతును నడిరేయి ఆసుపత్రికి తెచ్చినారనుడు. కనుపాపలు సూదిమొనవలె కుంచించుకొనిపోయినవి. నోట చొంగ కారుచున్నది, ఒడలెల్ల చెమట, ఊపిరి అందుటలేదు. ఇది ఆర్గానోఫాస్ఫేటు విషమనియు, అట్రోపిను ఇయ్యవలెననియు వైద్యునికి తత్క్షణమే తోచవలెను. పుస్తకము తిరుగవేయుటకు అప్పుడు వ్యవధి యుండదు. కావున వైద్యవిద్యార్థి ఎట్లు చదువుచున్నాడన్న ప్రశ్న ప్రతి గ్రామమునకును సంబంధించినదే.

మరపు ఎట్లు వచ్చునో జర్మనీ దేశస్థుడగు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తనమీదనే ప్రయోగములు జరుపుకొని 1885లో గ్రంథముగా ప్రకటించెను. అర్థములేని అక్షరములను వల్లించి, కొంతకాలమైన పిదప వానిని తిరిగి నేర్చుటకు ఎంత శ్రమ ఆదా యగునో ఆయన కొలిచెను. గంట గడచుసరికే ఆదా సగమునకు లోబడెను. ఒక దినమునకు సుమారు మూడవవంతు, నెలకు అయిదవవంతు మిగిలెను. మరపు మొదట పరుగెత్తును, పిదప మెల్లగా నడచును. 2006లో రోడిగర్, కార్పికీ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు మరియొక సంగతి చూపిరి. పాఠమును మరల చదివినవారు అయిదు నిమిషముల తరువాతి పరీక్షలో ముందున్నారు. వారము గడచినంతనే తక్కెడ తారుమారైనది. పాఠమును చూడక గుర్తుతెచ్చుకొని వ్రాసినవారికి 56 శాతము నిలువగా, మరల చదివినవారికి 42 శాతమే నిలిచెను.

ఈ రెండు నియమములను కలిపినదే ప్రశ్నచీటీల పద్ధతి. ఫ్లాష్‌కార్డు లనునవి ఇవియే. అట్టముక్కకు ఒకవైపు ప్రశ్న, వెనుకవైపు సమాధానము. జర్మనీకి చెందిన సెబాస్టియన్ లైట్నర్ 1972లో దీనికి అరల పెట్టెను సూచించెను. సమాధానము చెప్పగలిగిన చీటీ తరువాతి అరకు పోయి ఆలస్యముగా తిరిగివచ్చును. చెప్పలేనిది మొదటి అరకే చేరును. 2006లో వెలువడిన ఆంకీ అను కంప్యూటరు సాధనము ఈ గడువులను తానే లెక్కకట్టును. జపాను భాషలో ఆ పేరునకు కంఠస్థము చేయుట అని యర్థము. గ్రంథాలయపు పుస్తకమునకు గడువుతేదీ యున్నట్లే ప్రతి చీటీకిని గడువుండును. అమెరికాలోను, భారతదేశములోను వైద్యవిద్యార్థులు దీనిని సెల్‌ఫోనులోనే వాడుచున్నారు.

సాధనము మంచిదే. అయినను పలువురు నడుమనే విడిచిపెట్టుదురు. దీనికి సోమరితనము కంటె లెక్క తప్పుటయే తరచుగా కారణము. ఒకడు దినమునకు 20 క్రొత్త చీటీలును, మరియొకడు 50యు మొదలిడిరనుడు. నేర్చిన చీటీ 1వ, 3వ, 7వ, 15వ, 30వ దినములందు తిరిగివచ్చుననుడు. నెల నిండినపిదప ప్రతిదినమును అయిదు పాత జట్టులు వచ్చిపడును. మొదటివానికి అవి 100, రెండవవానికి 250. చీటీకి పది సెకండ్ల చొప్పున ఒకనికి 17 నిమిషములు, ఒకనికి 42 నిమిషములు. మరచినవానికిని, క్రొత్తవానికిని పట్టుకాలము దీనికి పైన. ఇంతలో జ్వరమో, ఇంట పెండ్లియో వచ్చి మూడు దినములు మానినచో, ఆ దినములందు క్రొత్తవి చేరకున్నను, నాలుగవనాటికి మొదటివానికి ఇంచుమించు 300, రెండవవానికి ఇంచుమించు 750 చీటీలు నిలువయగును. రెండవవానికి అది రెండుగంటలకు మించిన పని. దానిని చూచి వాడు జంకును, మరునాడును మానును, బాకీ పెరుగును.

కావున క్రొత్త చీటీని ఆదాయముగా కాక అప్పుగా ఎంచవలెను. నేడు తీసికొన్న ప్రతి చీటీకిని రేపటి కాలమున వాయిదాలు చెల్లింపవలసియుండును. ఎన్ని తీసికొనదగునో తీరికగల ఆదివారమును చూచి నిర్ణయింపరాదు. ఆసుపత్రిలో ప్రొద్దుగడచిన దినమును చూచి నిర్ణయింపవలెను. ఆ దినమున ఎంత చెల్లింపగలడో అంతకే అప్పు. పాతవి ముగింపక క్రొత్తవి ముట్టరాదు. బాకీ పడినచో క్రొత్తవానిని నిలిపి, దినమునకింత యని తీర్చుకొనవలెను. ఒక్క రాత్రిలో తీర్చబూని నిద్ర చెడగొట్టుకొనరాదు, నేర్చినది కుదురుకొనుటకు నిద్రయు కావలెను. వేళ మారుచుండినచో అలవాటు నిలువదు. ఉదయపు కాఫీ వెంటనో, తరగతికి ముందో, నిత్యము జరుగు పనికి దీనిని ముడివేయుట మేలు.

చీటీ వ్రాయుటయందును నేర్పు కలదు. పాఠము అర్థమైన పిదపనే చీటీ వ్రాయవలెను. ఆ విషము నాడీసందేశమును ముగించు ఎంజైమును అణచివేయుననియు, అందుచేతనే చొంగయు, చెమటయు మితిమీరుననియు ముందు గ్రహింపవలెను. ఒక చీటీకి ఒక్కటే ప్రశ్న. “ఆర్గానోఫాస్ఫేటు విషము లక్షణము లన్నియు చెప్పుము” అనునది చెడ్డ చీటీ. “ఆ విషమున కనుపాప ఎట్లుండును?” అనునది మంచి చీటీ. వెనుకవైపు తొంగిచూచి “వచ్చును” అని గుర్తుపెట్టుకొనువాడు తన లెక్కను తానే దిద్దుకొన్నవాడు. తప్పుడు లెక్క పరీక్షనాడైనను, రోగి ముందరనైనను బయటపడును.

అయినను చీటీ రోగికి ప్రత్యామ్నాయము కాజాలదు. నాడి పట్టుట, రొమ్ము వినుట, బాధపడువాని మాట ఓర్పుతో ఆలకించుట ఆసుపత్రి మంచము ప్రక్కనే అలవడును. తెలిసినది వేళకు తోచునట్లు చేయుటయే చీటీల పని.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచినది ఒకనాటి ఉత్సాహముచేత కాదు. ప్రతిదినమును తలుపు తెరచుటచేత. విద్యయు అట్లే నిలుచును. ఈ చందాదారుల బిడ్డలలో వైద్యవిద్యకు పోవువారు కొద్దికొద్దిగా, విడువక అభ్యసించి, నడిరేయి వచ్చిన రోగికి అక్కరకు వత్తురు గాక! స్వస్తి.