జంట సబ్‌వూఫర్లు: ఇంటిలో మంద్రధ్వని

ఇంటి గదినే చిన్న సినిమాశాలగా మార్చుకొనువారు నేడు పెక్కుమంది. గోడకు పెద్ద తెర, దాని కిరువైపుల స్పీకర్లు, ఒక మూల సబ్‌వూఫరు: ఇదియే మనమెరిగిన అమరిక. అయినను తెరమీద ఉరుము ఉరిమినప్పుడు గది నడుమ కూర్చున్నవారికి అది అంతంత మాత్రముగా వినవచ్చును. వెనుక గోడ నానుకొని కూర్చున్నవారికి చెవులు హోరెత్తును. పెట్టె ఒకటే, గది ఒకటే. మరి ఈ పంక్తిభేద మేల?

ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పయనించును. సెకనుకు 34 మారులు కంపించు నాదమునకు తరంగదైర్ఘ్యము రమారమి 10 మీటర్లు. కావున 5 మీటర్ల పొడవుగల గదిలో సరిగా సగము అల ఇముడును. అది గోడలకు తగిలి మరలివచ్చి, తనతో తానే కలిసి, స్థిర తరంగమగును. అప్పుడు గోడల చెంత పీడనపు మార్పు అత్యధికము. గది నడుమ దాదాపు శూన్యము. మీట త్రిప్పి ధ్వని పెంచినంత మాత్రమున ఈ కొరత తీరదు. నడుమ నున్నవారికి దక్కునది స్వల్పము. గోడ చెంత నున్నవారి హోరు మాత్రము హెచ్చును.

రెండవ సబ్‌వూఫరు ప్రయోజన మిచ్చటనే కలదు. గది ఒక కొన పీడనము పెరిగినప్పుడు రెండవ కొన తరుగుట ఆ సగపు అల ధర్మము. ముందు గోడ నడుమ ఒకటి, వెనుక గోడ నడుమ ఒకటి ఉంచి, రెండింటికి ఒకే సంకేతమును ఒకే దశలో, సమానమైన బలముతో ఇచ్చితిమేని, రెండు కొనలు ఒకేసారి నెట్టబడును; ఆ అల లేవజాలదు. గోడల నడిమిభాగమున నుండుటచే అడ్డముగా లేచు మొదటి అల కూడ అణగియుండును. అన్ని అలలు ఇట్లు అణగవు గాని, ఒక ఆసనమునకు వేరొక ఆసనమునకు గల అంతరము చాలవరకు తగ్గును. 2002లో హర్మన్ సంస్థ పరిశోధకుడు టాడ్ వెల్టీ పెక్కు అమరికలను పోల్చి, నాలుగు గోడల నడుమ నాలుగు పెట్టెలుంచుట మేలనియు, ఎదురెదురు గోడల నడుమ రెండుంచినను ఫలితము దానికి చేరువగనే యుండుననియు తెలిపెను.

స్టీరియో సంగీతప్రియులు కుడి ఎడమలకు వేర్వేరు సబ్‌వూఫర్లు వలదా యని అడుగవచ్చును. సుమారు 80 హెర్ట్జులకు దిగువ నాదము ఏ దిక్కునుండి వచ్చుచున్నదో మన చెవి సులభముగా పోల్చుకొనలేదు. కనుక అచ్చట హద్దు గీచి, పై భాగమును స్పీకర్లకు విడిచి, దిగువ భాగమును రెండు సబ్‌వూఫర్లకు ఏకముగా పంచుటయే ఉచితము. సంకేతములు వేరైనచో పైన చెప్పిన అణచివేత చెడును.

ఒక్కరే, ఒకే కుర్చీలో కూర్చుండి వినువారికి ఒక్క పెట్టె చాలును. దానికి తగిన తావు వెదకుకొనవలెను. ఇంటిల్లిపాది కలిసి వినుచోట మాత్రము, ఒక పెద్ద పెట్టెకు వెచ్చించు ధనముతో రెండు చిన్న పెట్టెలు కొనుట తరచుగా లాభకరము. మంద్రనాదము గోడలను కూడ సులభముగా దాటును. కనుక మన ఆనందము పొరుగువారి నిద్రకు భంగము కాకుండ చూచుకొనుట మన విధి.