గాలి తుపాకి కొనేముందు



ఈనాడు నేను మాట్లాడబోయేది విత్తనాన్ని గురించి కాదు, ఎరువును గురించీ కాదు. గాలి తుపాకిని గురించి. తిరునాళ్లలో బెలూన్లు పగలగొట్టే తుపాకి మీరంతా చూసే ఉంటారు. అదే జాతిది. కోతలు అయినాక ఒక రైతు నన్ను అడిగాడు: "ఏమండీ, ధాన్యపు కొట్టులో ఎలుకలు చేరి బస్తాలు కొరికేస్తున్నాయి. గాలి తుపాకి కొందామనుకుంటున్నాను. చిన్న గుండుది మంచిదా, పెద్ద గుండుది మంచిదా?" ప్రశ్న చిన్నదే. జవాబు మాత్రం కాస్త వివరంగా చెప్పవలసి ఉన్నది.

ముందు ఈ తుపాకి ఎట్లా పనిచేస్తుందో తెలుసుకుందాం. ఇందులో మందుగుండు లేదు. గొట్టాన్ని నడిమికి విరిచినట్లు కిందికి వంచితే లోపల ఉన్న ముషలకం, అంటే పిస్టను, వెనక్కి పోయి బలమైన స్ప్రింగును అణచి పట్టి ఉంచుతుంది. మీట నొక్కగానే స్ప్రింగు విడివడి పిస్టనును ముందుకు తోస్తుంది. ఆ పిస్టను ఎదుట ఉన్న గాలిని నొక్కివేస్తుంది. ఆ గాలి సన్నని రంధ్రం గుండా వచ్చి సీసపు గుండును గొట్టంలోనుంచి తోసివేస్తుంది. సైకిలు పంపు కొట్టినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇక గుండు సైజు. మామూలుగా దొరికేవి రెండు. ఒకటి 4.5 మిల్లీమీటర్లది, దుకాణాల్లో దీన్ని పాయింట్ వన్ సెవెన్ సెవెన్ అంటారు. రెండవది 5.5 మిల్లీమీటర్లది, అంటే పాయింట్ టూ టూ. చిన్న గుండు బరువు ఇంచుమించు అర గ్రాము. పెద్దది ఒక గ్రాముకు అటూ ఇటూ. స్ప్రింగు బలం ఒకటే అయినప్పుడు చిన్న గుండు వేగంగా, తిన్నగా పోతుంది. పెద్ద గుండు నెమ్మదిగా పోయి, దూరం పెరిగినకొద్దీ త్వరగా కిందికి వాలుతుంది. కాని తగిలినచోట దెబ్బ కొంత వెడల్పుగా ఉంటుంది. దూరాన్ని అంచనా కట్టడంలో మనం పొరపాటు పడినా చిన్న గుండు ఆ పొరపాటును కొంత కాస్తుంది. కాగితం మీద గురి నేర్చుకోవడానికి దానికి మించినది లేదు. ఒలింపిక్ పోటీల్లో 10 మీటర్ల రైఫిలుకు వాడేది కూడా ఈ 4.5 గుండే. 2008లో బీజింగులో అభినవ్ బింద్రా బంగారు పతకం గెలిచినది, 2012లో లండనులో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కంచు పతకం తెచ్చినది ఈ గుండుతోనే. వారి తుపాకులు స్ప్రింగువి కావు, ముందే గాలి దట్టించి ఉంచినవి. కాని గుండు మాత్రం ఇదే.

మనకు ఈ ప్రశ్నను చట్టం కూడా సగం తీర్చివేసింది. 2016 నాటి ఆయుధాల నియమాల ప్రకారం గుండు 4.5 మిల్లీమీటర్లకు మించకుండా, బలం 20 జౌళ్లకు మించకుండా ఉన్న గాలి తుపాకికి లైసెన్సు అక్కరలేదు. ఈ రెండింటిలో ఏది మించినా లైసెన్సు కావలసిందే. పాయింట్ టూ టూ కొని "ఇది గాలిదే కదండీ" అంటే పోలీసువారు ఒప్పుకోరు. కాబట్టి రైతుకు నేను చెప్పేది 4.5 గుండే. నమ్మకమైన దుకాణంలో కొనండి. గుర్తింపు పత్రం అడిగితే ఇవ్వండి. రసీదు భద్రంగా దాచుకోండి.

బలం మాటకు వస్తే, పెట్టె మీద వేసిన వేగం అంకెలు చూసి మోసపోకండి. తేలికైన గుండు వేసి కొలిస్తే ఏ తుపాకి అయినా గొప్ప వేగమే చూపిస్తుంది. అర గ్రాము గుండు సెకనుకు 200 మీటర్ల వేగంతో పోతే దాని బలం సుమారు 10 జౌళ్లు. మన పనికి అది చాలు. అంతకు మించిన స్ప్రింగును వంచడానికి చేతులు నొప్పి పుడతాయి, తుపాకి ఎక్కువ అదురుతుంది, గురి చెడుతుంది. పది గుండ్లు కాల్చేసరికి అలసట వచ్చే తుపాకి మీకు పనికిరాదు. దుకాణంలోనే పది సార్లు భుజానికి ఎత్తి చూడండి. ఎక్కుపెట్టి దించే వీలు ఉంటే అది కూడా చేసి చూడండి. గొట్టం కీలు దగ్గర ఊగులాట ఉంటే ఆ తుపాకి వద్దు.

స్ప్రింగు తుపాకికి ఒక వింత గుణం ఉంది. పిస్టను ముందుకు ఉరికేటప్పుడు తుపాకి వెనక్కి తంతుంది. పిస్టను కొసకు చేరి ఆగేటప్పుడు మళ్లీ ముందుకు లాగుతుంది. ఇదంతా గుండు గొట్టం దాటక ముందే మొదలవుతుంది. అందుచేత దీన్ని గట్టిగా బిగించి పట్టరాదు. ఎడమ అరచేతిలో వదులుగా ఆనించి, ప్రతిసారీ ఒకే చోట, ఒకే తీరుగా పట్టుకోవాలి. రాయి మీదనో గోడ మీదనో నేరుగా ఆనిస్తే గురి తప్పుతుంది. దుర్భిణి బిగించదలచినవారు ఈ రెండు వైపుల అదురుకు తట్టుకునేదే అడిగి తీసుకోవాలి. మామూలుది నాలుగు రోజుల్లో పాడైపోతుంది.

గుండు లేకుండా ఉత్తి మీట నొక్కకండి. ఎదుట అడ్డం లేక పిస్టను దబ్బున కొట్టుకొని విరుగుతుంది. ఎక్కుపెట్టి గంటల తరబడి మూల నిలపకండి. స్ప్రింగు నీరసించడమే కాదు, ఎవరి చేయి తగిలినా పేలుతుంది. గాలి నొక్కే గదిలో మామూలు నూనె పోయకండి. ఆ ఒత్తిడికి నూనె అంటుకొని, తుపాకి లోపలి భాగాలు చెడుతాయి. గుండు పెట్టేటప్పుడు వంచిన గొట్టాన్ని ఒక చేత్తో గట్టిగా పట్టుకొనే పెట్టాలి. పట్టు జారితే గొట్టం ఎగిరి మూసుకొని వేళ్లు నలిగిపోతాయి. గుండ్లు సీసంతో చేసినవి. కొందరు వాటిని నోట్లో పెట్టుకుంటారు. అది విషం. కాల్చిన తరువాత చేతులు సబ్బుతో కడుక్కొనే అన్నం దగ్గర కూర్చోవాలి.

ఇప్పుడు అసలు సంగతి. నేనే చేసిన తప్పు ఒకటి మీకు మనవి చేస్తాను. చాలా ఏళ్ల కిందట మా ధాన్యపు కొట్టులో సిమెంటు నేల మీద పరుగెత్తే ఎలుకను కొట్టాను. గుండు ఎలుకకు తగలలేదు. నేలకు తగిలి, ఎగిరి వచ్చి, నా వెనుక తలుపు దగ్గర నిలబడిన మా అన్నయ్య కొడుకుకు కంటి కింద బుగ్గలో దిగింది. వాడికి అప్పుడు తొమ్మిదేళ్లు. ఇంకొక అంగుళం పైకి తగిలి ఉంటే కన్ను పోయేది. మా వదిన నన్ను ఒక్క మాటా అనలేదు. ఆమె అనకపోవడమే నాకు ఈనాటికీ గుర్తున్నది. వాడు అక్కడ ఉన్నాడని నాకు తెలియదు. తెలుసుకోకుండా మీట నొక్కడమే నా తప్పు.

కాబట్టి గుర్తు పెట్టుకోండి. గురి వెనుక ఏమున్నదో తెలియనిదే కాల్చవద్దు. సిమెంటు, రాయి, ఇనుము, నీరు, వీటి మీదికి కాల్చవద్దు. గుండు తప్పితే రెండు మూడు వందల మీటర్లు పోగలదు. ఇసుక బస్తా గాని, పాత గుడ్డలు గట్టిగా కుక్కిన పెట్టె గాని వెనుక ఉండాలి. తుపాకి ఒకచోట, గుండ్లు ఒకచోట తాళం వేసి ఉంచాలి. కళ్లద్దాలు పెట్టుకోవాలి. పిల్లలు పెద్దల ఎదుటనే తాకాలి.

ఎలుక మీదికి పోయేముందు కాగితం మీద పరీక్ష పెట్టుకోండి. పది మీటర్ల దూరంలో అట్టకు రూపాయి నాణెమంత వృత్తం గీయండి. ఐదు గుండ్లు కాల్చండి. అయిదింటికి అయిదూ వృత్తంలో పడితే రెండు మీటర్లు వెనక్కి జరగండి. ఒక్కటి తప్పినచోట ఆగిపోండి. దానికి ముందటి దూరమే మీ హద్దు. ఎలుక తల అంతకంటే పెద్దది కాదు. హద్దు దాటి కొడితే ఎలుక చావదు, గాయపడి గోడ సందులో కుళ్లుతుంది. రెండు మూడు రకాల గుండ్లు తెచ్చి ఏది మీ గొట్టానికి పొసగుతుందో చూడండి. బల్లపరుపు తల గుండ్లు కాగితానికి, గుండ్రని తలవి ఎలుకకు బాగుంటాయి.

అయితే ఏ పురుగును, ఏ పక్షిని కొట్టాలన్నది ఇంకా ముఖ్యం. ఎలుకలనూ పంది కొక్కులనూ కొట్టండి. జొన్న కంకుల మీద వాలే రామచిలుకను, నెమలిని మాత్రం ముట్టరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటిని కాపాడుతున్నది. చిలుకలకు మంచె, డప్పు, వడిసెల, మెరిసే రిబ్బన్లు ఉన్నాయి. అడవిపంది విషయం అటవీశాఖవారికి చెప్పుకోవాలి. ఈ గుండు దాన్ని చంపదు, రేగగొడుతుంది. కోతిని కొట్టడం క్రూరత్వం. గుడ్లగూబను ఎన్నడూ కొట్టకండి, అది రాత్రంతా మీకోసం ఎలుకలు పడుతుంది.

చివరగా ఒక నిజం చెప్పి సెలవు తీసుకుంటాను. తుపాకి ఎలుకలను తగ్గించదు. కొట్టులో మిగిలిన నాలుగైదింటిని మాత్రమే ఏరివేస్తుంది. చేలో ఎలుకలకు కలుగులు తవ్వడం, బుట్టలు పెట్టడం, ఊరంతా ఒకేసారి ఎర పెట్టడం, ఇంట్లో కొట్టు కన్నాలు పూడ్చి బస్తాలను చెక్కల మీద గోడకు ఎడంగా పేర్చడం ముందు చేయండి. విస్తరణాధికారులారా, రైతు తుపాకి అడిగినప్పుడు ముందు కొట్టు తలుపు కింద సందు చూపించండి. ఆ సందుకు ఒక రేకు ముక్క కొట్టిన తరువాత ఇంకా తుపాకి కావాలంటే, 4.5 గుండుది, తేలికగా వంగేది, భుజానికి ఒదిగేది కొనుక్కోండి. దాన్ని ఎట్లా దాచాలో ముందు నేర్చుకోండి, ఎట్లా కాల్చాలో తరువాత నేర్చుకోండి.